కంపెనీ వైరు, ఓనరు వైరు

అమెరికాలో పనికి తిరిగే పికప్ ట్రక్కుల్లో కంపెనీ ఇచ్చిన స్విచ్చుల పక్కనే ఓనరు సొంతంగా బిగించుకున్న మరో వరస స్విచ్చులు కనిపించడం మామూలే. బంపరు మీది లైట్లకు ఒకటి, వెనక తొట్టిలో వెలుతురుకు ఒకటి, టైర్లకు గాలి కొట్టే కంప్రెసరుకు ఒకటి, రేడియో సెట్టుకు ఒకటి. కుర్రకారు సోకులని వీటిని కొట్టిపారేసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ మాట నాకు సమ్మతం కాదు. ఆ వరస వెనక నూరేళ్ల నాటి బేరం ఒకటుంది: బండిలో సగం పని కంపెనీది, మిగతా సగం కొన్నవాడిది. ఆ రెండింటికీ మధ్య గీసిన హద్దే స్విచ్ ప్యానెల్. ఆ హద్దు సరిగ్గా లేనప్పుడే పికప్‌లలో వైర్లు మాడాయి, లైట్లు ఆరాయి; హద్దు తేటపడేకొద్దీ రెండు పక్షాలూ బాగుపడ్డాయి.

1917లో ఫోర్డ్ కంపెనీ మోడల్ టిటి అనే టన్ను బరువు మోసే బండిని 600 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. ఆ ధరకు వచ్చేది ఛాసిస్సూ ఇంజినూ మాత్రమే. తొట్టి, క్యాబిన్ కావాలంటే కొన్నవాడు ఇంకొకరి దగ్గర కట్టించుకోవాల్సిందే. ఛాసిస్ కొని ఆటోనగర్‌కు తోలుకెళ్లి బాడీ కట్టించే మన లారీ ఓనర్లకు ఈ పద్ధతి విడమర్చి చెప్పనక్కర్లేదు. 1925లో ఫోర్డే స్వయంగా తొట్టి బిగించి, పికప్ బాడీతో మోడల్ టి రనబౌట్‌ను 281 డాలర్లకు ఇచ్చింది. అప్పటికీ బండి పూర్తయిందని రైతులు అనుకోలేదు. వెనక చక్రాన్ని జాకీ మీద లేపి, దానికి బెల్టు తగిలించి మొక్కజొన్న కండెలు ఒలిచే యంత్రాన్ని నడిపారు, కట్టెలు కోశారు, నీళ్లు తోడారు, చివరికి బట్టలుతికే మిషన్ కూడా తిప్పారు. 1930ల నడుమ దాకా అమెరికాలో పది పొలాల్లో ఒకదానికి మాత్రమే కరెంటు తీగ చేరింది. మిగతా తొమ్మిదింటిలో ఇంటికి శక్తినిచ్చే యంత్రం చాలాచోట్ల బండి ఇంజినే. 1936లో న్యూయార్కర్ పత్రికలో మోడల్ టికి వీడ్కోలు చెబుతూ వచ్చిన ప్రసిద్ధ వ్యాసం కూడా, కొన్న రోజుతో ఆ బండి పని మొదలయ్యేదేగానీ పూర్తయ్యేది కాదని గుర్తు చేసింది. సియర్స్ కంపెనీ కేటలాగులో ఆ బండికి అమర్చుకునే సామాన్లకే పేజీలకు పేజీలు కేటాయించేవారు.

ఆ బేరం బెల్టుల నుంచి వైర్లకు మారడానికి చాలా కాలం పట్టింది, కారణం కరెంటు చాలకపోవడమే. 1915 దాకా మోడల్ టి హెడ్‌లైట్లు కార్బైడు గ్యాసుతో వెలిగేవి. ఆ ఏడు కరెంటు లైట్లు వచ్చాయిగానీ బ్యాటరీ రాలేదు. ఫ్లైవీలుకు బిగించిన 16 అయస్కాంతాల మాగ్నెటోయే వాటికి ఆధారం. ఇంజిన్ నెమ్మదిస్తే లైటు మసకబారేది, మరీ జోరెత్తితే బల్బు మాడిపోయేది. అలాంటి చోట అదనంగా ఇంకో లైటు పెట్టుకోవాలన్న ఊహకే తావు లేదు. 1919లో స్టార్టరుతోపాటు 6 వోల్టుల బ్యాటరీ వచ్చింది. ఫోర్డ్ ట్రక్కులు 12 వోల్టులకు మారింది 1956 మోడళ్లలో. వోల్టేజి రెట్టింపైతే అదే లైటుకు సగం ఆంపియర్లు చాలు, అదే తీగలో నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది. ఆ తర్వాత 1960 మోడల్ వాలియంట్‌తో క్రైస్లర్ డైనమో స్థానంలో ఆల్టర్నేటరు తెచ్చింది, కొద్ది ఏళ్లలో మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. బండి నిలబడి ఉండగా కూడా బ్యాటరీ చార్జి అవడం పనివాళ్లకు పెద్ద వరం. మంచు తోసేవాడు, కరెంటు స్తంభం దగ్గర రాత్రి పనిచేసేవాడు బండిని కదలకుండా ఆపి లైట్లు వేసుకోగలిగారు. నా లెక్కలో సొంత స్విచ్చుల కథ నిజంగా మొదలైంది ఇక్కడే.

ఆ తర్వాతి ఇరవై ఏళ్లలో తగిలించడానికి సామాన్లు కుప్పలుగా వచ్చాయి. 1967లో మెక్సికోలోని బాహా ఎడారి రేసు మొదలై, రాత్రిపూట దూరం చూపే లైట్ల మీద మోజు పెంచింది. 1973 చమురు సంక్షోభం తర్వాత గంటకు 55 మైళ్ల వేగ పరిమితి రావడంతో పోలీసుల జాడ ఒకరికొకరు చెప్పుకోవడానికి ట్రక్కు డ్రైవర్లు వాడే సిబి రేడియోలు పికప్‌లలోకీ పాకాయి. 1977లో ప్రభుత్వం వాటి చానెళ్లను 23 నుంచి 40కి పెంచాల్సి వచ్చింది. వీటికి కరెంటు ఎక్కణ్నుంచి? చేతికందిన కంపెనీ వైరుకు గాటు పెట్టి దానికే తగిలించడం సులువైన దారి. ఆ సులువే కొంప ముంచింది. అప్పటి చాలా అమెరికన్ ట్రక్కుల్లో హెడ్‌లైట్ల కరెంటంతా డ్యాష్‌బోర్డులోని స్విచ్చు గుండానే పోయేది. దాని మీద మరో రెండు లైట్లు మోపితే స్విచ్చు వేడెక్కి, లోపలి బ్రేకరు తెగి, చీకటి రోడ్డు మీద హెడ్‌లైట్లు ఆరిపోయి మళ్లీ వెలిగేవి. మాడకపోయినా వెలుతురు దండగే. 55 వాట్ల లైట్లు రెండు 12 వోల్టుల మీద సుమారు 9 ఆంపియర్లు లాగుతాయి. 16 గేజి రాగి తీగకు వెయ్యి అడుగులకు 4 ఓముల నిరోధం ఉంటుంది. బ్యాటరీ నుంచి డ్యాష్‌బోర్డుకు, అక్కణ్నుంచి బంపరుకు 20 అడుగులు తిప్పితే ముప్పావు వోల్టు దారిలోనే పోతుంది. ఫిలమెంటు బల్బుకు అంతమాత్రం తగ్గితే వెలుతురులో దాదాపు ఐదో వంతు పోయినట్టే.

దీనికి మందు రిలే. 1835 ప్రాంతంలో అమెరికన్ శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ చూపించిన సూత్రమే అందులో ఉంది: చిన్న కరెంటు తీగచుట్టను అయస్కాంతంగా మారుస్తుంది, ఆ అయస్కాంతం పెద్ద కరెంటుకు దారి తెరుస్తుంది. బండ్లలో వాడే రిలే అంగుళం చదరపు నల్ల డబ్బా. అడుగున నాలుగు కాళ్లు, ఒక్కోదాని పక్కన జర్మన్ ప్రమాణం ప్రకారం అచ్చేసిన అంకె. 30కి బ్యాటరీ, 87కి లైటు, 85, 86ల మధ్య తీగచుట్ట. ఆ చుట్ట లాగేది ఆంపియరులో ఐదో వంతు కూడా ఉండదు, అది ఆడించేది మాత్రం 30 ఆంపియర్లు. దీనితో హద్దుకు ఒక రూపం వచ్చింది. బరువైన కరెంటు ఇంజిన్ దగ్గరే బ్యాటరీ నుంచి నేరుగా లైటుకు పోతుంది, డ్రైవరు చేతి దగ్గరికి సన్నని తీగ మాత్రమే వస్తుంది. కంపెనీ వైరుకు గాటు పెట్టే పని తప్పింది.

ఇంత చెప్పినా, సొంత వైరింగు నిప్పుతో చెలగాటమేనని ఇన్సూరెన్సువాళ్లూ కంపెనీ మెకానిక్కులూ అంటారు. వాళ్ల భయంలో నిజముంది. స్టార్టరు తిప్పడానికి వందల ఆంపియర్లు ఇచ్చే బ్యాటరీ, రాపిడికి పొర చిరిగి రేకుకు తగిలిన వైరులోకీ అంతే ఉరవడిగా కరెంటు పారిస్తుంది. ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య రేకు గోడలో రంధ్రం చేసి, రబ్బరు వాషరు వేయకుండా వైరు దూర్చితే, కొన్నాళ్ల కుదుపులకు ఆ రేకు అంచే కత్తవుతుంది. అయితే ఇది ఫలానా తప్పు వల్ల వచ్చే ప్రమాదం, దానికి ఫలానా విరుగుడు ఉంది. ఫ్యూజు కాపాడేది లైటును కాదు, వైరును. కాబట్టి అది బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. 1970ల నడుమ వచ్చిన ప్లాస్టిక్ బ్లేడు ఫ్యూజులు ఎరుపంటే 10, నీలమంటే 15, పసుపంటే 20 ఆంపియర్లని రంగుతోనే చెప్పి, మామూలు చేతులకూ ఈ పని అందేలా చేశాయి. చట్టం కూడా ఆ చేతులను కాదనలేదు. 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం కింద, బయటి సామాను బిగించావన్న ఒక్క కారణంతో కంపెనీ వారంటీని కొట్టేయలేదు. చెడిపోవడానికి ఆ సామానే కారణమని చూపాలి.

కంప్యూటర్లు వచ్చాక ఆ హద్దు విలువ ఇంకా పెరిగింది. 1986లో డెట్రాయిట్‌లో బాష్ కంపెనీ చూపిన క్యాన్ పద్ధతిలో, బండిలోని పెట్టెలన్నీ ఒక జత తీగల మీద మాట్లాడుకుంటాయి. 2008 మోడళ్ల నుంచి అమెరికా బండ్లలో తనిఖీ పోర్టుకు అది తప్పనిసరి. ఇప్పటి హెడ్‌లైటు వైరులో ఎంత కరెంటు పోతుందో కంప్యూటరు కొలుస్తూ ఉంటుంది. దానికి ఇంకోటి తగిలిస్తే లోపమని హెచ్చరిస్తుంది, లేదా ఆ లైన్నే ఆపేస్తుంది. సొంత పనుల కాలం చెల్లిందని కొందరు తేల్చేసింది ఇందుకే. జరిగింది మాత్రం వేరు. సొంత ఫ్యూజులతో, సొంత రిలేలతో, బ్యాటరీ నుంచి విడిగా కరెంటు తెచ్చుకునే ప్యానెల్ కంపెనీ తీగల జోలికే పోదు కనుక, కంప్యూటరు బండికి అన్నిటికంటే సురక్షితమైన పద్ధతిగా నిలిచింది.

ఇక సోకుల మాట. ఊళ్లో రోడ్ల మీద మాత్రమే తిరిగే బండికి పొడవాటి లైటు బారు అక్కర్లేదన్నది నిజమే, ఎదుటివాళ్ల కళ్లు చెదిరేలా రోడ్డు మీద దాన్ని వెలిగించడాన్ని చాలా రాష్ట్రాల నిబంధనలూ ఒప్పవు. కానీ ఒక వాడుక అలంకారమో అవసరమో తేల్చాలంటే కంపెనీ దాన్ని ముందుగా ఎవరికిచ్చిందో చూడాలి. ఫోర్డ్ 2005 మోడల్ నుంచి నాలుగు ఖాళీ స్విచ్చులను అదనంగా ఇచ్చింది సూపర్ డ్యూటీలో, అంటే మంచు తోసే, ట్రైలర్లు లాగే, క్రేన్లు మోసే బరువు బండిలో. 2017లో వాటిని ఆరుకు పెంచింది. కంపెనీయే ఇస్తున్నప్పుడు సొంత ప్యానెల్ ఎందుకని అడిగేవాళ్లకు జవాబు ఆ స్విచ్చుల రెండో కొసలోనే ఉంది. అక్కడ లైటూ ఉండదు, పంపూ ఉండదు. దేనికీ కలపకుండా కొసలు కత్తిరించి వదిలిన వైర్లుంటాయి. వాటి ఆంపియర్ల పరిమితి కంపెనీదే, సంఖ్యా కంపెనీదే. ఆరు చాలనివాడూ, 1990ల నాటి ట్రక్కు నడుపుతున్నవాడూ ఇప్పటికీ తన ప్యానెల్ తానే కట్టుకోవాలి. ఆ పని చేతకావడానికి బండి లోపలి సమాచారం అందుబాటులో ఉండాలి. మాసాచుసెట్స్ ఓటర్లు 2012లో ఒకసారి, 2020లో మరోసారి రిపేరు హక్కుకు మద్దతు పలికింది ఆ సమాచారం కోసమే. రెండోసారి ఆమోదించిన చట్టాన్ని సవాలు చేస్తూ కార్ల కంపెనీల సంఘం కోర్టుకెక్కింది.