పసిబిడ్డల తోపుడుబండి – దాని పుట్టుపూర్వోత్తరములు



నేడు నేను ముచ్చటింపబోవునది రాజ్యముల చరిత్ర కాదు, యుద్ధముల చరిత్రయు కాదు. పసిబిడ్డను పరుండబెట్టియో కూర్చుండబెట్టియో వీథులలో త్రోసికొనిపోవు చిన్నబండి చరిత్ర. ఇదియు నొక చరిత్రయేనా యని కొందరు నవ్వవచ్చును. కాని కుమార్తె పురిటికనియు, మనుమని చూడవలెననియు మన గ్రామములనుండి అమెరికాకు, ఇంగ్లండునకు పోవు తాతలును అమ్మమ్మలును అనేకులు కలరు. అచ్చట వారి చేతికి తప్పక వచ్చు వస్తువులలో ఈ బండి యొకటి. మన పట్టణములలోని అంగళ్లలోను ఇది అమ్మకమునకు వచ్చినది. ఏ బండి కొనవలెనని పిల్లలు అడిగినప్పుడు, వెలయు రంగును చూచి చెప్పుటకంటె, ఆ బండి ఏయే అవసరముల వలన ఏయే రూపములు దాల్చెనో తెలిసి చెప్పుట మేలు.

మన ఇండ్లలో బిడ్డకు తల్లి చంక యుండెను. చంక దిగినచో ఊయల యుండెను. అడుగులు వేయు వయస్సు వచ్చినప్పుడు పట్టుకొని నడచుటకు వడ్రంగి చేసిన మూడు చక్రముల నడకబండి యుండెను. చంకనున్న బిడ్డకును తల్లి ముఖమునకును నడుమ దూరము జానెడు. బిడ్డ చూపినదాని పేరు తల్లి చెప్పును. తల్లి పెదవుల కదలికను బిడ్డ చూచును. ఈ జానెడు దూరమును తాము జ్ఞాపకముంచుకొనవలెనని నా ప్రార్థన. బండి చరిత్రయంతయు ఈ దూరము పెరుగుటయు తరుగుటయు నని నా అభిప్రాయము.

ఇంగ్లండులో డెవన్‌షైర్ ప్రభువు, ఆ బిరుదు వహించినవారిలో మూడవవాడు, తన బిడ్డల వినోదమునకై ఒక బండి కావలెనని కోరెను. 1733 ప్రాంతమున విలియం కెంట్ అను ప్రసిద్ధ శిల్పి దానిని నిర్మించెను. ఆకారము శంఖపు చిప్ప వంటిది, అలంకారము మిక్కుటము. మేకగాని పొట్టిగుఱ్ఱముగాని లాగుటకు దానికి కాడి అమర్చిరి. బిడ్డల బండ్లలో మొదటిదిగా పలువురు దీనినే చెప్పుదురు. ఇది ఐశ్వర్యమునకు చిహ్నమేగాని తల్లికి సాయము కాదు. మేక ముందు నడచును, బిడ్డ వెనుక నుండును. లాగువాడు మనుష్యుడైనను అతని వీపే బిడ్డకు కనబడును. వెనుక బండిలోనుండి బిడ్డ జారిపడినను ముందు నడచువానికి తెలియదు.

నూఱేండ్లకు పైగా గడచిన పిమ్మట 19వ శతాబ్ది మధ్యభాగమున గొప్ప మార్పు కలిగెను. లాగుట పోయి త్రోయుట వచ్చెను. 1853లో లండనులో చార్లెస్ బర్టన్ అనునతడు త్రోయుడుబండికి పేటెంటు హక్కు పొందెను. లాగుటకును త్రోయుటకును భేదమెంత యని తోచవచ్చును. కాని త్రోయువాని కన్నులు బిడ్డమీద నుండును గదా! అదే గొప్ప లాభము. అయినను తొలి బండ్లలో బిడ్డ ముఖము వీథివైపే యుండెను. కూర్చుండగల బిడ్డకే గాని మెడ నిలువని శిశువునకు అది పనికిరాలేదు.

ఈ బండికి ఆంగ్లేయులు పెట్టిన పేరు పెరాంబులేటరు. తిరుగునది యని దాని భావము. ఆ పేరే కుదించి ప్రాము అనిరి. మన దేశమున సర్వే ఉద్యోగులు బాటల పొడవు కొలుచుటకు త్రోసికొనిపోయిన ఒంటిచక్రపు యంత్రమునకును అదే పేరు. ఒకటి కోసులను కొలిచెను, మరియొకటి బిడ్డను మోసెను.

తరువాతి తరమున తొట్టివంటి ప్రాములు వచ్చినవి. వానిలో శిశువు వెల్లకిల పరుండి, త్రోయువారి ముఖము చూడగలిగెను. 1877లో విలియం విల్సన్ అను పనివాడు లీడ్స్ నగరమున సిల్వర్ క్రాస్ అను సంస్థను స్థాపించి, విల్లుకమ్ములపై తూగు పెద్ద ప్రాములు చేసెను. ధనికుల ఇండ్లలో దాదులు వానిని త్రోసిరి. పేదవాడలలో ఒకే ప్రాము పలువురు బిడ్డలను పెంచి, పిమ్మట బొగ్గులును ఉతుకుబట్టలును మోసెను. బీదవాని యింట ఏ వస్తువును ఊరక కూర్చుండదు.

1889 జూన్ నెలలో అమెరికాలోని బాల్టిమోర్ నగరవాసియగు విలియం రిచర్డ్‌సన్ అను నల్లజాతీయునికి ఒక పేటెంటు లభించెను. ఆయన బండిలో తొట్టిని త్రిప్పి అమర్చుకొనవచ్చును. బిడ్డ ముఖము తల్లివైపు కావలెనన్న తల్లివైపు, వీథివైపు కావలెనన్న వీథివైపు. చక్రములు వేర్వేరుగా తిరుగునట్లు చేసినందున ఇరుకుచోట బండిని మలుపుట సులభమయ్యెను. ఈ కథలో నేను మిక్కిలి గౌరవించువాడు ఈయనయే. బిడ్డ ఎటు చూడవలెనను ప్రశ్నను గుర్తించి, దాని నిర్ణయమును తల్లి చేతిలో పెట్టినాడు.

పిమ్మట కాలము మారెను. దాదులు తగ్గిరి, తల్లులు బస్సులు, రైళ్లు, విమానములు ఎక్కవలసివచ్చెను. బరువైన ప్రామును మెట్లమీదికి మోయుట ఎవరి తరము? ఓవెన్ మెక్లారెన్ అను ఇంజనీరు రెండవ ప్రపంచయుద్ధకాలపు స్పిట్‌ఫైర్ విమానముల చక్రముల అమరికను రూపొందించినవాడు. మనుమరాలిని తీసికొని ప్రయాణము చేయుటలో కుమార్తె పడిన ప్రయాసను చూచి, 1965లో అల్యూమినియము గొట్టములతో గొడుగువలె ముడుచుకొను బండిని కల్పించెను. దాని బరువు 3 కిలోలకు లోపే. తల్లికి భుజముల నొప్పి తీరెను. కాని ఆ బండిలో బిడ్డ మరల వీథివైపు తిరిగెను. తల్లి ముఖము మరుగయ్యెను. కీళ్లున్నచోట వ్రేళ్లకు అపాయమును కలదు. 2009లో అమెరికాలో ఆ సంస్థవారు దాదాపు 10 లక్షల బండ్ల కీళ్లకు తొడుగులు పంపవలసివచ్చెను. బండి తెరచుచుండగా కీలులో వ్రేలు పడి, ఆ దేశమున 12 మంది బిడ్డలు వ్రేలికొనలు కోల్పోవుట దానికి కారణము.

2008లో స్కాట్లండులోని డండీ విశ్వవిద్యాలయమున సుజాన్ జీడిక్ అను విదుషి ఈ ముఖము మాటను పరిశీలించినది. బ్రిటను వీథులలో 2,700కు పైగా తల్లిబిడ్డల జంటలను గమనింపజేసినది. బిడ్డ ఎదురుముఖముగా నున్నచోట పెద్దలు మాటలాడుట, వెన్ను చూపినచోటికంటె రెట్టింపునకు మించి యుండెను. మాటలాడు స్వభావముగల తల్లులే ఎదురుముఖపు బండ్లను కొనియుండవచ్చును గనుక, దోషమంతయు బండిదే యనరాదు. అయినను ముఖము కనబడినచో మాట పుట్టునను సంగతి మన అమ్మమ్మల కెవ్వరును క్రొత్తగా నేర్పనక్కరలేదు.

20వ శతాబ్ది చివరిభాగమున ట్రావెల్ సిస్టము అనునది వ్యాపించెను. ఒకే చక్రముల చట్రముమీద పరుండు తొట్టిని, కూర్చుండు పీటను, కారులో కట్టు శిశుపీటను అవసరమునుబట్టి మార్చి బిగించుకొందురు. నిద్రించు బిడ్డను లేపకయే కారునుండి వీథికి తేవచ్చును. ఇందు సౌకర్యము కలదు. ఒక ప్రమాదమును కలదు. కారుపీట ప్రయాణమునకేగాని పడక కాదు. వంగి కూర్చున్న శిశువు గడ్డము ఱొమ్మునకు ఆని ఊపిరికి అడ్డురావచ్చును. కావున కారు దిగిన పిమ్మట చదునైన తొట్టిలోనికి మార్చుట క్షేమము.

ఇక ఎన్నుకొను విధము మనవి చేసెదను. మెడ నిలువని శిశువునకు చదునుగా పరుండు తొట్టి యుండవలెను. పీటను ఇరువైపులకు త్రిప్పగల బండి మేలు. తొలి నెలలలో బిడ్డ మనవైపు, లోకముమీద ఆసక్తి పుట్టిన పిమ్మట లోకమువైపు చూడవచ్చును. భుజములకు రెండు, నడుమునకు రెండు, కాళ్లనడుమ ఒకటిగా అయిదు పట్టీలుండవలెను. ఆగినచోటనెల్ల బ్రేకు వేయవలెను. పిడికి బరువైన సంచులు తగిలించినచో బండి వెనుకకు తిరగబడును. ఎండవేళ తొట్టిమీద దుప్పటి కప్పరాదు. లోన వేడి హెచ్చును. ముడుచునప్పుడును తెరచునప్పుడును బిడ్డ దూరముగా నుండవలెను. కారుపీట ప్రమాదమున చిక్కినదైనచో ఊరకనిచ్చినను పుచ్చుకొనరాదు. మేడమెట్లెక్కువారు బరువును, కారుగలవారు దాని వెనుక అరలో బండి పట్టునో లేదో చూచుకొనవలెను. ఇవి కుదిరినచో మిక్కిలి వెలగల బండియే కావలెనను నిర్బంధము లేదు.

మేకబండినుండి నేటివరకు జరిగిన మార్పులనెల్ల తరచి చూడగా, చంకలోని ఆ జానెడు దూరమును చక్రములమీద మరల సంపాదించుటకు మనుష్యులు పడిన పాటే నాకు కనబడుచున్నది. బండి ఎంత మంచిదైనను సగము పనియే చేయును. తక్కిన సగము త్రోయువారిది. పరదేశమున మనుమని బండి త్రోయు తాతగారు చెట్టును చెట్టనియు, పిట్టను పిట్టయనియు తెలుగున చెప్పుచు నడచినచో, ఆ బిడ్డకు వీథియే బడియగును. మన మాటయు ఆ బిడ్డ నోట నిలుచును.