చైనా లిపి చిహ్నాల అర్థనిర్ణయం: షు షెన్ నిఘంటువు నుండి అన్యాంగ్ ఎముకల వరకు

ఉపోద్ఘాతం

చైనా లిపిని నేర్పే వాచకాలు ప్రతి చిహ్నాన్నీ ఏదో ఒక వస్తువు బొమ్మగా పరిచయం చేయడం పరిపాటి. సూర్యుడు, చంద్రుడు, చెట్టు వంటి కొన్ని చిహ్నాల విషయంలో ఇది సత్యమే. ఈ పద్ధతిని లిపి అంతటికీ విస్తరింపజేసినప్పుడు మాత్రం జ్ఞాపకం కోసం కల్పించిన కథ చరిత్రగా చలామణి అవుతుంది. ఈ అంతరాన్ని ప్రాచీన నిఘంటుకారుడు షు షెన్ కృషి ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

షు షెన్ వర్గీకరణ

హాన్ వంశ కాలానికి చెందిన షు షెన్ క్రీ.శ. 100లో 'షువోవెన్ జియెజి' అనే నిఘంటువును పూర్తిచేశాడు. క్రీ.శ. 121లో ఆయన కుమారుడు దానిని చక్రవర్తికి సమర్పించాడు. ఇందులో 9,353 చిహ్నాలు 540 మూలరూపాల కింద అమరి ఉన్నాయి. చిహ్నాలను ఆయన ఆరు విధాలుగా విభజించాడు. వాటిలో వస్తువు ఆకృతిని చూపేవి కొద్ది మాత్రమే. అర్థాన్ని సూచించే భాగమూ, ఉచ్చారణను సూచించే భాగమూ కలిసి ఏర్పడినవే అత్యధికం. నేటి భాషలో తల్లిని తెలిపే 'మా' చిహ్నంలో ఎడమవైపు స్త్రీ, కుడివైపు గుర్రం ఉంటాయి. స్వరభేదంతో గుర్రాన్ని కూడా 'మా' అనే అంటారు. ఇక్కడ గుర్రం పలుకు కోసమే వచ్చింది, అర్థం కోసం కాదు.

గీతలు, రూపపరిణామం

ప్రాచీన రూపంలో సూర్యచిహ్నం గుండ్రని గీత, దాని నడుమ ఒక గుర్తు. హాన్ కాలపు కుంచెరాతలో వంపులు తగ్గి కోణాలు ఏర్పడ్డాయి. నేడు అదే చిహ్నం నాలుగు గీతల దీర్ఘచతురస్రం. పైనుండి కిందికి, ఎడమనుండి కుడికి, అడ్డగీత తరువాత నిలువుగీత అనే సాధారణ క్రమం చేతి కదలికకు, అభ్యాసకుని జ్ఞాపకానికి తోడ్పడుతుంది. 'శాశ్వతం' అనే అర్థం గల 'యోంగ్' చిహ్నాన్ని ఎనిమిది రకాల గీతల అభ్యాసానికి లేఖనకళాకారులు వాడుతూ వచ్చారు. అయితే గీత రాతకు ప్రమాణమే గాని అర్థానికి ప్రమాణం కాదు.

ఈ సంగతి షు షెన్‌కు తెలుసు. తన కాలపు వాడుకరాతను చూసి 'గుర్రపు తల గల మనిషి' అంటూ 'పొడవు' అనే చిహ్నానికి అర్థం చెప్పిన పండితులను ఆయన తన గ్రంథాంత వివరణలో విమర్శించాడు. అందుకే ఆయన చిన్ కాలపు ముద్రాలిపిని ఆధారం చేసుకున్నాడు.

ఎముకల సాక్ష్యం

1899లో వాంగ్ యిరోంగ్ గుర్తించిన ఎముకల రాతలు షాంగ్ వంశపు చివరి రాజధాని ప్రాంతమైన అన్యాంగ్‌కు చెందినవి. షు షెన్‌కు అందుబాటులో ఉన్న రూపాల కంటే ఇవి వెయ్యేళ్లు పాతవి. 'చేయు' అనే అర్థం గల 'వెయ్' చిహ్నాన్ని షు షెన్ కోతిగా వివరించాడు. ఎముకలపై అది ఏనుగును నడిపిస్తున్న చేయి. అన్యాంగ్ తవ్వకాలలో ఏనుగు అస్థిపంజరాలు కూడా లభించాయి. అట్లే సైనికబలాన్ని తెలిపే 'వు' చిహ్నానికి 'ఆయుధాన్ని ఆపడం' అనే నీతిపరమైన అర్థాన్ని చూ రాజు జువాంగ్ మాటగా ఆయన ఉదహరించాడు. 'ఆపు' అని ఆయన గ్రహించిన భాగం పాత రూపంలో పాదం. ఆయుధంతో నడవడం దాని తొలి సూచన. పరుల దోషాన్ని పట్టిన పండితుడే ఆ దోషానికి లోనుకావడానికి కారణం అజాగ్రత్త కాదు. తొలి రూపాలు ఆనాటికి భూగర్భంలో ఉన్నాయి.

అర్థం విడిచిన చిహ్నాలు: ఆంధ్ర నామం

చిహ్నానికి బొమ్మ కంటే పలుకే ప్రధానమైన సందర్భం తెలుగువారి చరిత్రలోనూ ఉంది. 646లో పూర్తయిన హ్యుయాన్‌త్సాంగ్ యాత్రాగ్రంథంలో ఆంధ్రదేశం పేరు మూడు చిహ్నాలలో కనిపిస్తుంది. వాటి ఆధునిక ఉచ్చారణ అన్–దా–లువో. విడివిడిగా వీటికి బల్ల, చేరు, వల అనే అర్థాలున్నాయి. ఈ అర్థాలకూ ఆంధ్రదేశానికీ సంబంధం లేదు. ఇక్కడ నిలిచింది శబ్దం ఒక్కటే.

ముగింపు

జ్ఞాపకం కోసం అల్లిన కథలను అభ్యాసకుడు విడిచిపెట్టనవసరం లేదు. వాటిని వ్యుత్పత్తిగా ఉదహరించే పరిశోధకుడు మాత్రం ఆ వివరణ ఏ కాలపు రూపంపై ఆధారపడిందో ముందుగా నిర్ధారించుకోవాలి. షు షెన్ గ్రంథం నేటికీ అనివార్యమైన ఆధారమే. దానిని ఎముకల రాతలతో సరిపోల్చి చదివినప్పుడే చిహ్నం పుట్టుక ఏదో, దానికి తరువాత తరాలు కట్టిన భావం ఏదో వేరుపడతాయి.