విశాఖ తీరపు పిల్‌బాక్సులు

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో జపాను సేనలు సముద్రం మీదుగా దిగవచ్చన్న భయంతో విశాఖపట్నం తీరాన బ్రిటిష్ పాలకులు కట్టించిన కాంక్రీటు కావలి గదులు. సైనికులు లోపల దాగి, గోడల్లోని సన్నని కంతల గుండా తుపాకులు పేల్చేందుకు వీలుగా వీటిని నిర్మించారు.

చరిత్ర: 1942 ఏప్రిల్ 6న ర్యుజో విమానవాహక నౌక నుంచి వచ్చిన జపాను విమానాలు విశాఖపట్నంపైన, కాకినాడపైన బాంబులు వేశాయి. చాలామంది పట్నం విడిచి వెళ్లారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం కొంతకాలం గుంటూరు నుంచి పనిచేసింది.

పరిరక్షణ: అలల కోత పునాదిని తొలిచేస్తుంది. ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. ఇసుక మేటలు గదులను కప్పేస్తాయి. వీటిని కాపాడాలని వారసత్వ సంస్థ ఇంటాక్ కోరుతోంది.

సందర్శన: బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో నాటి జపాను బాంబును చూడవచ్చు. బీటలు వారిన పిల్‌బాక్సుల పైకి ఎక్కకూడదు, గోడలపై పేర్లు చెక్కకూడదు. ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో ఇటువంటి కట్టడాలను వివరణ ఫలకాలతో, నడక దారులతో కాపాడుకుంటున్నారు. ప్రపంచ యుద్ధం తెలుగు తీరాన్ని తాకిందనడానికి సాక్ష్యాలైన వీటికీ అంతటి ఆదరణ దక్కాలి.