కెల్ప్ పెరుగుదల – నత్రజని: ఒక శాస్త్రావగాహన చరిత్ర

ఉపోద్ఘాతం:
కెల్ప్ చల్లని సముద్రతీరాలలో రాతినేలను పట్టుకొని పెరిగే గోధుమవర్ణ శైవలం. ఎండ మెండుగా ఉండే వేసవే దానికి అనుకూల కాలమనిపించడం సహజం. కాని ఉత్తర అట్లాంటిక్‌లోని కొన్ని జాతులు చలికాలం చివర వేగంగా పెరిగి, వేసవిలో మందగిస్తాయి. ఇందుకు ప్రధాన కారణం నీటిలోని నత్రజని లభ్యత. ఈ సంబంధం చైనాలో సాగు సమస్యగానూ, కెనడాలో శరీరధర్మ ప్రశ్నగానూ ముందుకు వచ్చింది.

చైనా – సాగు అనుభవం:
1927లో జపాన్ నుంచి దాలియన్ తీరానికి చేరిన కెల్ప్, 1950వ దశకంలో సముద్రపు పంటగా మారింది. జెంగ్ చెంగ్‌కుయ్ మొదలైన శాస్త్రజ్ఞులు చింగ్‌దావ్ కేంద్రంగా తెప్పల సాగును అభివృద్ధి చేశారు. పసుపు సముద్రంలో నత్రజని కొరతగా ఉన్న చోట్ల నత్రజని ఎరువును మట్టిపాత్రలలో నింపి తెప్పలకు వేలాడదీశారు. పాత్రల సూక్ష్మరంధ్రాల గుండా ఎరువు మెల్లగా నీటిలోకి ఊరేది. నత్రజని అందితే దిగుబడి పెరుగుతుందని ఆచరణలో రుజువైంది.

కెనడా – నిల్వల రహస్యం:
నోవా స్కోషియాలోని సెయింట్ మార్గరెట్స్ అఖాతంలో కెల్ప్ చలికాలపు పెరుగుదలను కె.హెచ్. మాన్ 1973లో చర్చించాడు. 1977లో చాప్మన్, క్రెయిగీ దాని అంతర్గత క్రమాన్ని వివరించారు. శీతాకాలంలో కెల్ప్ నైట్రేట్‌ను కణజాలంలో దాచుకుంటుంది. ఆ గాఢత చుట్టూ ఉన్న నీటికంటే సుమారు 28,000 రెట్లకు చేరింది. వసంతారంభంలో నీటిలోని నైట్రేట్ అడుగంటాక కూడా ఈ నిల్వ కనీసం రెండు నెలలు పెరుగుదలను నిలిపింది. వేసవిలో ఎండ ఉన్నా నత్రజని లేనందున కొత్త కణజాల నిర్మాణం తగ్గి, కిరణజన్య సంయోగక్రియ ఫలం లామినారిన్ అనే పిండిపదార్థంగా నిల్వ అవుతుంది. నత్రజని ఏడాది పొడవునా లభించే చోట పెరుగుదల వెలుతురునే అనుసరిస్తుందని 1982లో నోవా స్కోషియాలోనే జరిగిన పరిశీలన తెలిపింది. అంటే ఈ కాలక్రమం జాతి లక్షణం మాత్రమే కాదు, స్థల లక్షణం కూడా.

ముగింపు:
చైనా అనుభవం నత్రజని ఎంత అవసరమో చూపింది. కెనడా పరిశోధన ఆ అవసరాన్ని మొక్క కాలంతో ఎలా సర్దుకుంటుందో చూపింది. ఉపరితల జలాలు వేడెక్కితే అడుగునున్న నైట్రేట్ పైకి రావడం తగ్గుతుంది. కనుక వేడివల్ల కెల్ప్ వనాలు క్షీణించాయని నిర్ణయించే ముందు, అందులో తాపం వాటా ఎంత, నత్రజని లేమి వాటా ఎంత అన్నది వేరుచేసి చూడాలి.