చెవి మీది వెంట్రుకలు: ఒక వారసత్వపు కథ

రావులపాలెం అరటి మార్కెట్టుకు వెళ్ళినప్పుడు, గెలల బేరాలు సాగేచోట కూర్చున్న పెద్దలను గమనించండి. కొందరి చెవి అంచున పొడవాటి రోమాలు గుత్తిగా పెరిగి ఉంటాయి. అడిగితే, “మా నాన్నగారికీ ఇంతేనండీ” అంటారు. ఇది వ్యాధి కాదు, చికిత్స అక్కరలేదు. అయినా దీని వెనుక మన గోదావరి సీమతో ముడిపడిన చరిత్ర ఉంది.

పిఠాపురంలో 1937లో జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు గారు, 1957లో ఇంగ్లండు విడిచి కలకత్తా చేరిన జె.బి.ఎస్. హాల్డేన్‌కు శిష్యులయ్యారు. ఖరీదైన పరికరాలు లేకున్నా, కళ్ళతో చూసి లెక్కగట్టి శాస్త్రం సాధించవచ్చునని ఆ గురువుగారి నమ్మకం. కృష్ణారావు గారు ఆంధ్ర కుటుంబాల వంశవృక్షాలు పరిశీలించి, ఈ లక్షణం తండ్రి నుండి కొడుకులకే వస్తున్నదని 1960లో ప్రకటించారు. వై క్రోమోజోము సంక్రమించేదీ అలాగే గనుక, జన్యువు దానిపైనే ఉన్నదన్నారు. ఆ మాట పాఠ్యగ్రంథాలకెక్కింది. మేమూ పరీక్షల్లో అదే వ్రాశాము.

కాని చిక్కు ఎక్కడున్నదో చూడండి. ఈ రోమాలు వయసు పైబడ్డాకే స్పష్టమవుతాయి. ఇరవై ఏళ్ళ కొడుకును “లేదు” అని వ్రాసుకోవాలా, “ఇంకా రాలేదు” అనా? స్త్రీలకు రోమాలు మొలవకపోవడం వేరు, జన్యువు లేకపోవడం వేరు. తాతగారి లక్షణం కుమార్తె ద్వారా మనుమడికి చేరితే, ఆ తల్లి చెవిని చూసి ఎవరు కనిపెట్టగలరు? పైగా మనవి మేనరికాల కుటుంబాలు. తండ్రీ, తల్లి తండ్రీ రక్తబంధువులైతే, అది ఏ వైపు నుండి వచ్చినదో తేల్చడం మరీ కష్టం.

2004లో వెలువడిన పరిశోధనలో, చెవి రోమాలున్న 50 మంది దక్షిణ భారత పురుషుల వై క్రోమోజోములను పరీక్షించారు. జన్యువు నిజంగా అక్కడే ఉంటే, ఆ యాభైమందీ కొద్దిపాటి పితృశాఖలకే చెందాలి. రోమాలు లేనివారిలో ఉన్నన్ని శాఖలే వీరిలోనూ కనిపించాయి. పాత వాదం నిలవలేదు.

వేలిముద్రల విషయంలోనూ తండ్రిది ప్రత్యేకాధికారమేమీ కాదు. ఇంగ్లండులో సారా హోల్ట్ వేలి గీతలను లెక్కించినప్పుడు, పిల్లలకు తల్లితోనూ తండ్రితోనూ ఇంచుమించు సమానమైన పోలికే తేలింది.

మా మనుమరాలి పోటీ పరీక్షల పుస్తకంలో ఇప్పటికీ “వై” అనే ఉంది. పరీక్షలో తాను అలాగే గుర్తించక తప్పదు. మార్కులు వచ్చాక అసలు సంగతి చెప్పాను. “అయితే తాతయ్యా, మీ చెవి వెంట్రుకలు అమ్మ ద్వారా తమ్ముడికి రావచ్చన్నమాట” అంది.