అడ్డపొగ: అంగిలి చెప్పిన చరిత్ర

చెవి, ముక్కు, గొంతు వైద్యుడంటే చెవిలో గులిమి తీసేవాడనీ, టాన్సిల్స్ కోసేవాడనీ మనలో చాలామందికి ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. అసలు ఆ మూడింటినీ ఒకే వైద్యుడి చేతిలో ఎందుకు పెట్టారన్న ప్రశ్న మనకు తట్టదు. జవాబు మన తలలోనే ఉంది. మధ్యచెవి నుంచి ఒక సన్నని గొట్టం ముక్కు వెనుక భాగంలోకి తెరుచుకుంటుంది. ముక్కు, నోరు రెండూ గొంతులో కలుస్తాయి. ముక్కుకు నేల ఏదో నోటికి కప్పు అదే. దాన్నే అంగిలి అంటాం. ఆ కప్పుకు చిల్లు పడితే తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తాయి. మాట ముక్కులోంచి పలికి ఎదుటివాడికి అర్థం కాకుండా పోతుంది.

ఇంతకీ ఈ అంగిలి ప్రస్తావన ఎందుకంటే, దానికీ మా ఉత్తరాంధ్రకూ ఒక ప్రత్యేకమైన, విషాదకరమైన బంధం ఉంది. ఆ బంధం పేరు అడ్డపొగ.

ఆమదాలవలస చుట్టుపక్కల పల్లెల్లో పెరిగినవారికి దీన్ని వర్ణించి చెప్పనక్కరలేదు. తక్కిన మిత్రుల కోసం చెబుతున్నాను. పొగాకును చేత్తో చుట్టి, వెలిగించి, ఆ నిప్పు కొసను నోటి లోపల పెట్టుకుని పెదవులు బిగించి పీల్చడమే అడ్డపొగ. బయటికి కనిపించేది ఆరిన కొస మాత్రమే. ఎక్కువగా ఆడవాళ్ళ అలవాటు. ఎందుకలా అని అడిగితే ఒక్కొక్కరిదీ ఒక్కో సమాధానం. పెద్దవాళ్ళ కంట పడకుండా ఉండటానికని ఒకరు, చంటిపిల్ల మీద నిప్పురవ్వ రాలకుండా అని ఒకరు, గాలికీ తడికీ చుట్ట ఆరిపోకుండా అని మరొకరు, పంటినొప్పికి మొదలుపెట్టానని ఇంకొకరు. తల్లిని చూసి కూతురు నేర్చుకున్నదన్నది మాత్రం దాదాపు అందరి విషయంలోనూ నిజం.

మగవాడి చుట్టకు మన సాహిత్యంలో ఠీవిగా చోటు దక్కింది. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం'లో గిరీశం చుట్ట కాల్చడమే కాక, శిష్యుడు వెంకటేశానికి కూడా అలవాటు చేశాడు. అదే విజయనగరం సీమలో అదే పొగాకును నిప్పు లోపల పెట్టుకుని కాల్చిన ఆడదాని ఊసు అంతగా కానరాదు. ఆమె చరిత్రను రాసినవారు కవులు కారు, వైద్యులు.

1937లో ఎం.జి. కిని, కె.వి. సుబ్బారావు గార్లు 'ఇండియన్ మెడికల్ గెజిట్'లో కాన్సర్ సమస్యపై ఒక వ్యాసం ప్రచురించారు. విశాఖపట్నం వైద్యులు తమ దగ్గరకు వచ్చే రోగులలో గమనించిన విషయం క్రమంగా బయటి ప్రపంచానికి చేరింది. లోకంలో మరెక్కడా అంతగా కనిపించని అంగిలి కాన్సర్ ఇక్కడ తరచుగా కనిపిస్తోంది! 1945లో బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రికి చెందిన వి.ఆర్. ఖనోల్కర్, సూర్యాబాయితో కలిసి, ఆచారాల వల్ల వచ్చే కాన్సర్ల గురించి రాస్తూ ఈ అడ్డపొగను అంతర్జాతీయ వైద్యలోకం ముందుంచారు.

తర్వాతి ఘట్టం 1960లలో మొదలయింది. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లోని దంతవైద్యుడు ఫాలీ మెహతా, కోపెన్‌హాగన్‌కు చెందిన యెన్స్ పింద్‌బోర్గ్ బృందంగా ఏర్పడి, దేశంలోని అయిదు జిల్లాల్లో 50,915 మంది పల్లెవాసుల నోళ్ళు పరీక్షించి, ఫలితాలను 1969లో ప్రచురించారు. భావనగర్, ఎర్నాకుళం, సింగ్‌భూం, దర్భంగాలతో పాటు అయిదోది మన శ్రీకాకుళం. ఒక్క ఈ జిల్లాలోనే 10,169 మందిని చూసి, అడ్డపొగ మీద 1971లో 'బ్రిటిష్ జర్నల్ ఆఫ్ కాన్సర్'లో విడిగా ఒక వ్యాసం రాశారు. వారు చూసినవారిలో నూటికి 40 మందికి పైగా నిప్పు లోపల పెట్టుకుని కాల్చేవారే! ఆ ఏళ్ళలో శ్రీకాకుళం పేరు దేశమంతటా పత్రికలకెక్కింది గిరిజన రైతాంగ పోరాటం వల్ల. వైద్య పత్రికలకు తెలిసిన శ్రీకాకుళం మాత్రం ఇది.

తాంబూలంలో పొగాకు నమిలేచోట పుండు బుగ్గ లోపల పుడుతుంది. అడ్డపొగ కాల్చేచోట అంగిలి మీద పుడుతుంది. నిప్పు ఎక్కడ తగిలితే అక్కడే. అలా కాల్చేటప్పుడు నోటిలోని గాలి 120 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుందని కొలిచి చెప్పినవారున్నారు. మొదట అంగిలి తెల్లబారి మందమెక్కుతుంది. చిన్న లాలాజల గ్రంథుల నోళ్ళు ఎర్రని చుక్కల్లా తేలతాయి. కొన్నిచోట్ల సహజమైన రంగు పోతుంది, మరికొన్నిచోట్ల నల్లబడుతుంది. ఎర్రని మచ్చ, మానని పుండు కనిపిస్తే భయపడవలసిన దశ వచ్చిందన్నమాట. ఇదంతా ఏళ్ళ తరబడి జరుగుతుంది. చాలాకాలం నొప్పి ఉండదు. ప్రమాదమంతా ఆ నొప్పి లేకపోవడంలోనే ఉంది.

1854లో గాయక గురువు మాన్యుయెల్ గార్సియా తన స్వరతంత్రులను తానే చూసుకోవడానికి ఒక చిన్న అద్దమూ, సూర్యకాంతీ వాడవలసి వచ్చింది. గొంతు వైద్యానికి అది పెద్ద మలుపు. అంగిలిని చూడటానికి అంత అవసరం లేదు. నోరు తెరవమని టార్చిలైటు వేస్తే చాలు. అయినా ఆ వెలుగు చాలామంది నోట్లో ఆలస్యంగానే పడింది.

ఆలస్యమైతే వైద్యుడు చేయవలసింది కఠినమైన పని. చిన్న ముక్క తీసి పరీక్షించి, కాన్సరని తేలితే అంగిలినీ, అవసరాన్ని బట్టి పైదవడ ఎముకనూ తొలగించాలి. ఆ ఖాళీని మూయడానికి దంతవైద్యుడు కట్టుడుపళ్ళ వంటి పలక చేసి అమరుస్తాడు. అది ఉంటేనే రోగి అన్నం తినగలదు, మాట్లాడగలదు. ఒక్కొక్కసారి రేడియేషన్ కూడా ఇవ్వవలసి వస్తుంది.

దీనంతటికీ మావాళ్ళు దశాబ్దాల పాటు విశాఖ రైలెక్కారు. శ్రీకాకుళం పట్నానికి రైలు లేదు. స్టేషను ఆమదాలవలసలో ఉంది, దాని పేరు మాత్రం శ్రీకాకుళం రోడ్డు. అక్కడ ఎక్కి సుమారు వంద కిలోమీటర్లు పోతే కింగ్ జార్జి ఆసుపత్రి, పెదవాల్తేరులో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి. శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చింది 2008లో. అంతకు ముందు ఏడాది ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. అంటే, 10,169 నోళ్ళ లెక్క 1971లో లండన్ పత్రికలో అచ్చయితే, ఆ నోళ్ళున్న జిల్లాకు వైద్యకళాశాల రావడానికి మరో 37 ఏళ్ళు పట్టింది.

ఆ పరిశోధకులు లెక్క తీసుకుని వెళ్ళిపోయారనడం అన్యాయమవుతుంది. మూడు జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవారికి మానమని బోధించి, ఏళ్ళ తరబడి వెంటపడి పరీక్షించి, ఆ ఫలితాలను 1986లో 'లాన్సెట్'లో ప్రకటించారు. ఆ మూడింటిలోనూ శ్రీకాకుళం ఉంది. మానినా తగ్గించినా నోటి మచ్చలు తగ్గుతాయన్నది వారు నిరూపించిన సత్యం. కత్తి అక్కరలేని వైద్యం అది.

ఇవాళ పడుచువాళ్ళలో ఈ అలవాటు అరుదు. పెద్ద వయసు ఆడవాళ్ళలో ఇంకా మిగిలి ఉంది. వాళ్ళను చూసి నవ్వేవారినీ, 'మొరటు అలవాటు' అని ఈసడించేవారినీ చూశాను. సార్డీనియాలో, పనామాలో, ఫిలిప్పీన్స్‌లో కూడా ఆడవాళ్ళు ఇలాగే కాల్చారని తెలిస్తే వారి నవ్వు కొంత తగ్గుతుందేమో! పగలల్లా చేను పని, ఇంటికొస్తే పొయ్యి పని, వీటి నడుమ ఎవరికీ కనబడకుండా దక్కించుకున్న కాసింత తీరిక ఆమెకు ఆ చుట్ట. దాన్ని మానమని చెప్పవలసిందే. అయితే ఈసడిస్తే ఆమె నోరు మూసుకుంటుంది, మనకు కావలసింది ఆమె నోరు తెరవడం.

మీ ఊళ్ళో అడ్డపొగ కాల్చే మామ్మ ఎవరైనా ఉంటే, పండక్కి వెళ్ళినప్పుడు ఒక్కసారి అంగిలి చూపించమని అడగండి. తెల్లని మందమో, ఎర్రని మచ్చో కనబడితే ఆలస్యం చేయక చెవి, ముక్కు, గొంతు వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళండి.