అడవి ఈస్టు బీరు అనేది ఒక ప్రత్యేక జాతేనా?

హేతువాదికి బీరుతో ఏం పని అని అడిగేవాళ్ళు ఉంటారు. తాగమని గాని, మానమని గాని చెప్పడానికి కాదు ఈ వ్యాసం. ఇది ఒక పేరు గురించి. ఒక వస్తువుకు పేరు పెట్టగానే అది మనకు అర్థమైపోయిందనుకోవడం మనుషులకు పాత అలవాటు. ఆ అలవాటు గుడిలోనే కాదు, సారాయి బట్టీలోనూ ఉంటుంది.

బీరు పోటీల్లో న్యాయనిర్ణేతలు వాడే వర్గీకరణ పట్టికల్లో అమెరికాకు చెందిన బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ వారిది బాగా ప్రసిద్ధం. ఆ సంస్థ 1985లో మొదలైంది. 2015 నాటి పట్టికలో వాళ్ళు ‘అమెరికన్ వైల్డ్ ఏల్’ అనే విభాగం పెట్టారు. 2021 సవరణలోనూ దాన్ని ఉంచారు. వైల్డ్ అంటే అడవి. అంటే అడవి ఈస్టుతో పులిసిన బీర్లు ఒక వేరే జాతి అన్నమాట. ఇది సబబేనా? చరిత్ర తిరగేస్తే గాని తేలదు.

ముందు మన ఇంటి సంగతి ఒకటి చూద్దాం. పాలు పెరుగు కావాలంటే నిన్నటి పెరుగు చెంచాడు తోడు వేస్తాం. తాటికల్లుకు ఎవరూ తోడు వెయ్యరు. చెట్టుకు కట్టిన కుండలోకి చుక్కలు పడుతుండగానే అది పులవడం మొదలవుతుంది. గాలిలోనూ, కుండ గోడలకూ, వాలే పురుగుల కాళ్ళకూ ఉన్న ఈస్టు, బాక్టీరియా ఆ పని చేస్తాయి. కుండకు లోపల సున్నం పూస్తే అవి పెరగలేవు, తియ్యటి నీరా మిగులుతుంది. తోడు వేసి పులియబెట్టడం ఒకటి, తోడు లేకుండా పులవడం ఇంకొకటి. ఈ తేడా గుర్తుంచుకుంటే బీరు చరిత్ర సగం అర్థమైనట్లే.

1516లో బవేరియా పాలకులు బీరు దేనితో కాయాలో శాసనం చేశారు. బార్లీ, హాప్స్ పువ్వులు, నీళ్ళు. అంతే. ఈస్టు ఊసే లేదు. తొట్టి అడుగున దిగే మడ్డి సంగతి కాపరులకు తెలుసు. పాత మడ్డి కొంత తీసి కొత్త బీరులో వేసేవాళ్ళు. అంటే మన తోడే. కాని ఆ మడ్డి ప్రాణమున్నదని వాళ్ళకు తెలియదు. పదిహేనో శతాబ్దపు ఇంగ్లండులో ఈ నురుగును దేవుడి మంచితనం అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవారు. తెలియనిది కనిపిస్తే దాని మీద దేవుడి పేరు రాయడం అక్కడా ఉన్నదే.

ఆ పేరును కొట్టేసింది సూక్ష్మదర్శిని. పులవడం కేవలం రసాయనాల కుళ్ళు అని జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్ వాదించాడు. కాదు, అది సూక్ష్మజీవుల పని అని ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ ప్రయోగాలతో చూపించాడు. 1876లో బీరు మీద ఒక పెద్ద గ్రంథమే రాశాడు. బీరు చెడిపోవడానికి కారణం కూడా అక్కర్లేని సూక్ష్మజీవులేనని అందులో చెప్పాడు.

తర్వాతి అడుగు డెన్మార్కులో పడింది. కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ 1883లో ఒకే ఒక్క ఈస్టు కణాన్ని వేరు చేసి, దాని సంతతిని మాత్రమే పెంచాడు. మంచి ఈస్టు అనుకుంటున్న తోడులో ఇతర ఈస్టులూ కలిసి ఉన్నాయనీ, బీరు చెడగొడుతున్నవి అవేననీ తేల్చాడు. కంపెనీ యజమాని జేకబ్సన్ ఈ పద్ధతిని దాచుకోకుండా లోకానికి ఉచితంగా ఇచ్చాడు. మెచ్చుకోవాల్సిన పని.

అడవి ఈస్టు అనే మాటకు అర్థం వచ్చింది ఇక్కడే. కాపరి కోరి వేసిన ఈస్టు పెంపుడుది, కోరకుండా దూరినది అడవిది. శుద్ధం, అశుద్ధం అనే మాటలు వింటే మన దేశంలో పుట్టినవాళ్ళకు చెవులు నిక్కబొడుచుకోవడం సహజం. హాన్సెన్ చెప్పిన శుద్ధికి మాత్రం కొలత ఉంది. ఒక్క కణం సంతతి అయితే శుద్ధం, కాకపోతే కాదు. ‘అడవి’కి అలాంటి కొలత లేదు. అది జీవి గుణం కాదు, కాపరి ఇష్టాయిష్టాలకు పెట్టిన పేరు.

దీనికి రుజువు ఇరవై ఏళ్ళలోనే దొరికింది. అదే కార్ల్స్‌బర్గ్‌లో పనిచేసిన క్లాసెన్ 1904లో కొత్త రకం ఈస్టును ప్రకటించాడు. ఇంగ్లీషువాళ్ళు నెలల తరబడి నిలవ ఉంచే బీర్ల ప్రత్యేక రుచికి అదే కారణమన్నాడు. అందుకే దానికి బ్రెటనోమైసిస్, అంటే బ్రిటిష్ శిలీంధ్రం, అని పేరు పెట్టాడు. దాన్ని శుద్ధంగా పెంచి బీరులో వెయ్యమని సలహా కూడా ఇచ్చాడు. ఇప్పుడు చెప్పండి, ప్రయోగశాలలో పెంచి, సీసాలో అమ్మి, కొలిచి పోసే ఈస్టు అడవిది ఎలా అవుతుంది? ఈనాటి ‘వైల్డ్’ బీర్లలో చాలావాటిలో పోసేది ఇదే. అడవి పందిని దొడ్లో కట్టేసి మేపుతూ అడవిది అన్నట్లుంది.

ఇటీవలి జన్యుశాస్త్రం ఈ పేరును ఇంకా బలహీనపరిచింది. లాగర్ బీరు ఈస్టు రెండు జాతుల సంకరం. అందులో ఒక తల్లి, సాక్రోమైసిస్ యూబయానస్, దక్షిణ అమెరికాలోని పటగోనియా అడవుల్లో దొరికిందని 2011లో ప్రకటించారు. అంటే ప్రపంచంలో అన్నిటికన్నా ‘పెంపుడు’ బీరు ఈస్టులో సగం అడవి రక్తమే. 2016లో హైనెకెన్ కంపెనీ ఈ అడవి తల్లితోనే ఒక బీరు కాచి అమ్మింది. అది పులుపు బీరు కాదు, లాగరే. ఇంకో వైపు, బ్రెటనోమైసిస్ అని చెప్పి ఒక ప్రయోగశాల అమ్మిన ఈస్టు, జన్యుపరీక్షలో మామూలు బీరు ఈస్టు జాతే అయిన సాక్రోమైసిస్ అని తేలింది. అప్పటిదాకా కాపరులు దాన్ని అడవిదనే నమ్మి వాడారు.

అయితే అడవి బీరు అంతా బూటకమేనా? కాదు. బెల్జియంలో బ్రస్సెల్స్ చుట్టుపక్కల, సెన్ నది లోయలో కాచే లాంబిక్ సంగతి వేరు. మాల్టు చేసిన బార్లీకి తోడు, కనీసం 30 శాతం మొలకెత్తించని గోధుమ వేసి, పాతబడిన హాప్స్‌తో ఉడికిస్తారు. ఆ వేడి ద్రవాన్ని వెడల్పాటి, లోతు తక్కువ తొట్టిలో పోసి రాత్రంతా ఆరుబయటి గాలికి చల్లారనిస్తారు. తోడు వెయ్యరు. తెల్లారి చెక్క పీపాల్లోకి ఎత్తి ఏళ్ళ తరబడి ఉంచుతారు. వేసవిలో ఈ పని చెయ్యరు, ఇంచుమించు అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకే. ఇది మన కల్లుకు దూరపు చుట్టం. తేడా అల్లా కల్లు పూటలో తేలిపోతుంది, దీనికి ఓపిక కావాలి.

దీన్ని ‘స్వతహాగా పులవడం’ అంటారు. స్వతహాగా అంటే కారణం లేకుండా అని కాదు. జీవం దానంతట అదే పుడుతుందనే నమ్మకాన్ని పాశ్చర్ ఎప్పుడో పూడ్చిపెట్టాడు. 2014లో బెల్జియన్ శాస్త్రవేత్తలు లాంబిక్ పీపాల్లో ఏం జరుగుతుందో ప్రచురించారు. మొదటి నెల పేగు బాక్టీరియా కుటుంబానికి చెందినవి, తర్వాత సాక్రోమైసిస్, పెడియోకాకస్, సుమారు ఆరు నెలలకు బ్రెటనోమైసిస్. ఒకరి తర్వాత ఒకరు వచ్చి దిగే మకాం అది. ఒక్క ఈస్టు పేరు చెబితే ఈ కథ అందదు.

ఇక సెన్ లోయ గాలి మహిమ. ఆ గాలి తప్ప ఇంకెక్కడా లాంబిక్ పులవదని చాలాకాలం చెప్పుకున్నారు. సెన్ నదిని బ్రస్సెల్స్ నడిబొడ్డున 1867–1871 మధ్యే కప్పేశారు. ఊరు పెరిగింది, చుట్టూ పరిసరాలు మారాయి. లాంబిక్ ఆగలేదు. 2012లో వచ్చిన ఒక అధ్యయనం అమెరికాలో ఇదే పద్ధతిలో కాచిన బీరును పరిశీలించి, దాదాపు అదే వరుసలో సూక్ష్మజీవులు వచ్చాయని చూపించింది. వాటిలో ముఖ్యమైనవి ఆ కాపు ఇంట్లోనే కాపురం ఉన్నాయని కూడా తేల్చింది. మహిమ గాలిలో లేదు, పీపాల చెక్కలో, గోడల్లో, పద్ధతిలో ఉంది. రుచిలో ఊరికీ ఊరికీ తేడా ఉండవచ్చు, అది వేరే మాట.

దీనివల్ల లాంబిక్ కాచేవాళ్ళకు నష్టమేమీ లేదు. యూరోపియన్ యూనియన్ 1997లో పాతకాలపు గూజ్, క్రీక్ రకాలకు ఇచ్చిన రక్షణ ఊరి పేరు మీద కాదు, పద్ధతి మీద. పాతకాలపు గూజ్ అనాలంటే కలిపిన లాంబిక్‌లలో అన్నిటికన్నా పాతది కనీసం మూడేళ్ళు చెక్క పీపాలో ఉండాలి. ఇది ఎవరైనా వెళ్ళి లెక్క చూడగలిగిన షరతు.

న్యాయనిర్ణేత ముందుకు వచ్చేది గ్లాసు మాత్రమే, పీపా కాదు కదా, పద్ధతి అతనికెలా తెలుస్తుంది అనే అభ్యంతరం ఉంది. న్యాయమైనదే. అలాంటప్పుడు నాలుకకు తెలిసే పేరే పెట్టాలి, పులుపు బీరు అనో, బ్రెట్ వాసన బీరు అనో. ఆ పట్టికలో మాత్రం వైల్డ్ అని పేరు పెట్టి, వైల్డ్ అంటే స్వతహాగా పులిసినదని అర్థం కాదు అని కిందనే వివరణ రాసుకోవాల్సి వచ్చింది. లాంబిక్‌ను వేరే విభాగంలో, తోడు వేసి కాచే ఇతర యూరోపియన్ పులుపు బీర్ల పక్కన కూర్చోబెట్టారు. పేరు ఒకటి, సరుకు ఒకటి.

కనక నా అభిప్రాయం ఇది. అడవి ఈస్టు అనే వర్గం అక్కర్లేదు. తోడు వెయ్యని బీరు అనే వర్గం కావాలి. మొదటిది నమ్మకం మీద నిలబడుతుంది, రెండోది కాపు పుస్తకం చూసి తేల్చవచ్చు. ఇదంతా తాగేవాళ్ళ గొడవ అని కొట్టిపారెయ్యకండి. సీసా మీది ‘వైల్డ్’ అనే మాటకు జనం ఎక్కువ డబ్బు పెడుతున్నారు. మూడేళ్ళు పీపా కాసుకు కూర్చున్నవాడికీ, సీసాలోంచి ఈస్టు పోసి పేరు తగిలించుకున్నవాడికీ ఒకే పేరు ఇస్తే నష్టపోయేది మొదటివాడు, మోసపోయేది కొన్నవాడు. ‘ప్రకృతిసిద్ధం’, ‘సహజం’, ‘శుద్ధం’ అని రాసిన ఏ డబ్బా మన ఇంటికొచ్చినా అడగాల్సిన ప్రశ్న ఒకటే. దీన్ని ఎలా పరీక్షించాలి? జవాబు లేకపోతే ఆ మాటకు డబ్బు కట్టకండి.